0.4 మిల్లీమీటర్ల మీద నడిచే బండి

పాత బుల్లెట్ ఇంజిన్‌కు కుడివైపున, ఒక చిన్న మూత కింద రెండు లోహపు బొడిపెలు తాకుతూ, విడిపోతూ ఉంటాయి. మెకానిక్కులు వాటిని సీబీ పాయింట్లు అంటారు, పాతవాళ్లు ప్లాటినం అంటారు. అవి పూర్తిగా విడిపోయినప్పుడు మధ్యలో ఉండాల్సిన ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మామూలు తెల్ల కాగితాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెడితే అంత మందం వస్తుంది. 160 కిలోలు దాటిన బండి పొద్దున్నే ఒక్క కిక్కుకు లేస్తుందా, ఇరవై కిక్కులకూ లేవదా అన్నది చాలావరకు ఆ ఖాళీయే తేలుస్తుంది.

పాత బళ్ల సరదా అనగానే డబ్బున్నవాళ్ల వ్యవహారమనో, నాన్నగారి బండి మీద మమకారమనో అనుకుంటాం. రెండూ ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి బండిని రోడ్డు మీద నిలబెట్టుకున్నవాళ్లను గమనిస్తే అందరిలోనూ కనిపించేది కొలిచే అలవాటు. వాళ్ల టూల్‌కిట్‌లో స్పానర్లతోపాటు సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజ్ తప్పకుండా ఉంటుంది.

పాయింట్ల మీద పడే పనెంతో లెక్క వేద్దాం. బుల్లెట్‌ది ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్, క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. నింపాదిగా నడిపేటప్పుడు సగటున నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుందనుకుంటే పాయింట్లు నిమిషానికి 1,250 సార్లు, గంటకు 75,000 సార్లు తెరుచుకుంటాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో 3,000 కిలోమీటర్లు తిరగడానికి 60 గంటలు పడుతుంది. ఆ 60 గంటల్లో 45 లక్షల సార్లు! తెరుచుకున్న ప్రతిసారీ పాయింటుకు ఉండే ఫైబరు మడమ కామ్ మీద రుద్దుకుంటుంది. మడమ అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, స్పార్కు ఆలస్యంగా పడుతుంది. బండి వేడెక్కుతుంది, లాగదు, మైలేజీ పడిపోతుంది. ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి యజమానికి అనుమానం కార్బురేటర్ మీదకు పోతుంది. బాగున్న కార్బురేటర్‌ను విప్పి, ట్యూనింగ్ చెడగొట్టుకుని, అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లేవాళ్లు ఎందరో. కామ్ మీద చిటికెడు గ్రీజు, ఫీలర్ గేజ్‌తో పది నిమిషాల పని చాలు. పాయింట్ల మొహాలు మాడి గుంటలు పడుతుంటే పాయింట్లు మార్చి ఊరుకోకుండా కండెన్సర్ కూడా మార్చాలి.

బుల్లెట్‌ను కిక్కు కొట్టే పద్ధతికీ ఈ పాయింట్లకూ నేరుగా సంబంధం ఉంది. హెడ్‌లైటు పక్కన ఉండే ఆంపియర్ మీటరు అలంకారానికి పెట్టింది కాదు. తాళం తిప్పి కిక్కర్‌ను మెల్లగా నొక్కుతూ పోతే సూది మైనస్ వైపు వాలుతుంది. పాయింట్లు మూసుకుని, కాయిల్‌లోకి కరెంటు వెళ్తోందని అర్థం. సూది మళ్లీ మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడిపోయాయి, పిస్టన్ పైకొస దగ్గరికి వచ్చింది. అప్పుడు డీకంప్రెషన్ లివరు పట్టుకుని కిక్కర్‌ను ఇంకాస్త కిందకు జరిపి, లివరు వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, నిండుగా ఒక తొక్కు తొక్కాలి. కండబలం మీద ఆధారపడేవాళ్లను బండి ఎదురు తన్నుతుంది. మడమలు వాచినవాళ్లలో చాలామంది ఆ సూది వైపు చూడనివాళ్లే.

వాల్వులను తెరిచే టాపెట్ల సంగతి ఇంకా సులువు. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు ఉండాల్సిన ఖాళీ సున్నా. పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. సాయంత్రం తిరిగొచ్చి వేడిమీద సరిచేస్తే అది వేరే కొలత అవుతుంది.

ఇక ఇంజిన్ల అసలు అంకెలకు వద్దాం. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలుపెట్టిన 350 బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90. లెక్కిస్తే 346 సీసీ. మైసూరులో ఐడియల్ జావా 1960ల మొదట్లో తయారీ ప్రారంభించి, తర్వాత యెజ్డీగా మార్చిన 250 బండికి ఇవే కొలతలు 65, 75. అంటే 249 సీసీ. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు రెండూ 50, 98 సీసీ. 2018లో అదే పేరుతో తెలుగు సినిమా వచ్చిందంటే, తయారీ ఆగి 22 ఏళ్లయినా కుర్రకారులో దాని పలుకుబడి తగ్గలేదన్నమాట.

శబ్దంలో తేడాలు ఈ అంకెల నుంచే పుడతాయి. ఐడ్లింగులో నిమిషానికి 1,000 చుట్లు తిరిగే బుల్లెట్ సెకనుకు ఎనిమిది సార్లు పేలుతుంది. మన చెవి సుమారు ఇరవై దాకా దెబ్బలను విడివిడిగా వింటుంది, అది దాటితే కలిసిపోయి ఒకే స్వరంగా వినిపిస్తాయి. అందుకే బుల్లెట్ డుగ్ డుగ్ అనేది. ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్, చుట్టుకొకసారి మండుతుంది. అది పూర్తి శక్తినిచ్చే 7,500 చుట్ల దగ్గర సెకనుకు 125 పేలుళ్లు. విడిగా వినే అవకాశమే లేదు, ఒకటే కూత.

చాలామంది తప్పుగా ఊహించే అంకె పిస్టన్ వేగం. అరిచే బండి ఇంజిన్ ఎక్కువ కష్టపడుతోందనీ, గంభీరంగా కొట్టుకునేది తాపీగా ఉందనీ అనుకుంటాం. ఆర్‌ఎక్స్‌లో 7,500 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.5 మీటర్లు. బుల్లెట్ తన 18 హార్స్‌పవర్‌ను ఇచ్చేది 5,625 చుట్ల దగ్గర, అక్కడ పిస్టన్ వేగం దాదాపు 16.9 మీటర్లు. పిస్టన్ ప్రయాణం పొడవు ఎక్కువ కాబట్టి తక్కువ చుట్లలోనే ఎక్కువ దూరం ఉరకాలి. అదే బుల్లెట్‌ను 3,000 చుట్ల దగ్గర ఉంచితే వేగం 9 మీటర్లకు దిగుతుంది. పాత బుల్లెట్‌ను హైవే మీద కొత్త బళ్లతో పోటీకి దింపొద్దని పెద్దమెకానిక్కులు మొత్తుకునేది ఇందుకే. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 60, 65 మీద సాగే బండి దారి పొడవునా హాయిగా పాడుతుంది. అదే బండిని 90 మీద గంటసేపు తోలితే బిగ్‌ఎండ్ బేరింగుకు ఆయుష్షు తీరుతుంది.

టూస్ట్రోక్‌లో ప్రాణం నూనెలో ఉంటుంది. ఆర్‌ఎక్స్‌కు విడిగా ఆయిల్ ట్యాంకు, పంపు ఉన్నాయి. జావా, యెజ్డీలకు మనమే పెట్రోల్‌లో కలిపి పోయాలి. 25 పాళ్లకు ఒక పాలు అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 33కు ఒకటి అంటే 30 మిల్లీలీటర్లు. కంటి అంచనా పనికిరాదు, కొలత గుర్తులున్న సీసా ఒకటి డిక్కీలో ఉండి తీరాలి. దిగుడు దారిలో మరో జాగ్రత్త ఉంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసేసి, గేరులోనే ఉంచి బండిని జారనిస్తే ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది. పెట్రోల్ మాత్రం దాదాపు వెళ్లదు. పెట్రోల్ వెళ్లకపోతే నూనే లేదు. మూడు నాలుగు మలుపులకొకసారి క్లచ్ పట్టి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వకపోతే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. కొండ ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, దిగేటప్పుడే ఏమరుపాటు.

టూస్ట్రోక్‌ల గురించి చెప్పాల్సిన చేదు నిజం కూడా ఒకటుంది. సిలిండర్‌లోకి వచ్చే తాజా మిశ్రమంలో దాదాపు 30 శాతం దాకా మండకుండానే సైలెన్సర్ దారి పట్టగలదు. 1996లో దేశంలో టూవీలర్లకు కార్బన్ మోనాక్సైడ్ కిలోమీటరుకు 4.5 గ్రాములు, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి 3.6 గ్రాములు మించకూడదన్నారు. 2000లో రెండింటికీ 2 గ్రాములే హద్దయింది. ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది, మైసూరు కర్మాగారం మూతపడింది 1996లోనే. మైసూరు మూతకు నష్టాలు, మారిన గిరాకీ కూడా కారణాలు. ఆ నిబంధనలు సరైనవేనని నా అభిప్రాయం. పాత టూస్ట్రోక్‌ను రోజూ ఆఫీసుకు తోలడానికి వాడకూడదు. ఆదివారం పొద్దున వంద కిలోమీటర్లు తిరిగే బండిగా ఉంచుకుంటేనే ఈ అభిరుచికి న్యాయం.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్ కార్బురేటర్ బళ్లకు కొత్త లెక్క తెచ్చింది. ఒక పాలు పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే ఆ అంకె దాదాపు 13.5కు వస్తుంది. కొత్త బండిలో సెన్సర్ చూసుకుని ఇంధనం పెంచుతుంది. పాత కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. కాబట్టి స్వచ్ఛమైన పెట్రోల్‌కు కుదిర్చిన జెట్‌తో మిశ్రమం సుమారు 8 శాతం పలచనవుతుంది. పలచనైతే వేడి, టూస్ట్రోక్‌లో వేడంటే సీజ్, అంటే పిస్టన్ పట్టేయడం. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. లేత చాక్లెట్ రంగుంటే మంచిది, తెల్లగా పాలిపోతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. లీటరులో శక్తి కూడా ఆరేడు శాతం తగ్గుతుంది కాబట్టి మైలేజీ తగ్గిందని బెంగపడనక్కర్లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకులో, కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఉంచకండి.

రాత్రి ప్రయాణం గురించి ఒక్క ముక్క. పాత జావాలది 6 వోల్టుల కరెంటు. 35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 5.8 ఆంపియర్లు లాగుతుంది, 12 మీదైతే అందులో సగం. తుప్పుపట్టిన ఒక్క జాయింటులో 0.1 ఓము నిరోధం ఉన్నా 6 వోల్టుల బండి దాదాపు 10 శాతం వోల్టేజీ పోగొట్టుకుంటుంది. బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. పెద్ద బల్బు కొనేముందు ఎర్త్ వైరు జాయింట్లు గీకి శుభ్రం చేయండి. ఆ తర్వాత కూడా చీకటి పడేలోపు ఇల్లు చేరడమే మేలు.

కాగితాల లెక్క చాలామందికి తెలియదు. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా నమోదుకు రూ.20,000, పదేళ్ల తర్వాత మళ్లీ రూ.5,000. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. జావా పేరుతో ఇక్కడ అమ్ముడైన బళ్లలో 1971 దాకా వచ్చినవన్నీ ఈ వయసు దాటాయి. ఆర్‌ఎక్స్‌లలో మొదటివి ఆ గీత చేరేది 2035లో, చివరివి 2046లో. రాజ్‌దూత్ 350లు 1983లో వచ్చాయి కాబట్టి వాటికి 2033 దాకా ఆగాలి.

అయితే వింటేజ్‌గా నమోదైన బండి ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోల్‌కు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. పాలకో, కూరగాయలకో వెళ్లకూడదు. నడపడంలోనే ఆనందముందనుకునేవాళ్లు మామూలు ఆర్‌సీని కాపాడుకోవడమే మంచిది. ముందే రిజిస్టరైన బండిని వింటేజ్‌గా నమోదు చేసినా పాత నంబరు ఉంచుకోవచ్చు. సొంత వాహనానికి మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకొకసారి పునరుద్ధరణ. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు ఆ రుసుము రూ.2,000 అయింది. గడువు దాటితే నెలకు రూ.300 అదనం, అంటే రెండేళ్లు మరిచిపోతే రూ.7,200. రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు. షెడ్డులో దుమ్ము పట్టిన బండి దొరికిందని సంబరపడేముందు ఆర్‌సీ గడువు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మూడూ సరిచూసుకోవాలి. ఇంజిన్ రిపేరు మన చేతిలో పని, కొట్టేసిన నంబరు కాదు.

చివరగా బోరు. ఇంజిన్ బోరుకొచ్చిందంటే సిలిండరు గోడలు అరిగాయని. వాటిని కోసి పెద్ద పిస్టన్ వేస్తారు. ఆర్‌ఎక్స్ 100కు ఆ మెట్లు నాలుగు: 50.25, 50.50, 50.75, 51.00 మిల్లీమీటర్లు. నాలుగో మెట్టు దగ్గర 98 సీసీ బండి 102 సీసీ అవుతుంది, అంతకుమించి కోయకుండా స్లీవ్ వేయాలి. కొత్తగా అచ్చమైన బ్లాకు పోతపోసేవాళ్లు లేరు కాబట్టి ఈ నాలుగు మెట్లే ఆ బండికి మిగిలిన ఆస్తి. ఎయిర్ ఫిల్టర్ లేకుండా, మొహాన ఒక గరాటు తగిలించి తోలే కుర్రాడు దుమ్ముతో ఒక మెట్టును ఇట్టే కరిగించేస్తాడు. ఫిల్టరును నెలకోసారి కడిగి, ఆయిల్ పంపు సెట్టింగు చూసుకుని, వేడెక్కాకే యాక్సిలరేటర్ తిప్పేవాడి దగ్గర అదే మెట్టు చాలా ఏళ్లు ఉంటుంది. ఆర్‌ఎక్స్ కొనబోయేవాళ్లు పెయింటు, క్రోమ్ చూసి ధర మాట్లాడతారు. నేనైతే హెడ్ విప్పించి, పిస్టన్ తల మీద చెక్కిన సైజు చదివాకే ధర అడుగుతాను. 0.25 అని ఉంటే ఆ బండికి ఇంకా మూడు మెట్లున్నాయి.