గట్టు మీద పారేసిన 120 గ్రాములు

బీటీ పత్తి ప్యాకెట్‌లో 450 గ్రాముల అసలు గింజలతోపాటు 120 గ్రాముల పొట్లం ఒకటి విడిగా వచ్చేది. అందులోవి మామూలు పత్తి గింజలు, చేను చుట్టూ వేయడానికి. చాలామంది గట్టు మీదే పారేశారు. బీటీ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే అంకె ఆ 120.

ముందు తయారీ సంగతి. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే బ్యాక్టీరియా, పురుగు పేగులో విషంగా మారే ప్రొటీన్ తయారుచేస్తుంది. దాని జన్యువును అగ్రోబ్యాక్టీరియం అనే మరో బ్యాక్టీరియాకు అప్పగించారు. మొక్కల కణాల్లోకి జన్యువుల్ని చొప్పించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కోకర్ 312 అనే అమెరికా పత్తిలోకి జన్యువు అలా చేరింది. ఆ మొక్కలతో మన రకాలను సంకరం చేశారు. కాయతొలుచు పురుగు కొరికిందా, తిండి మానేసి కొద్దిరోజుల్లో చస్తుంది.

2002 మార్చిలో కేంద్రం మూడు హైబ్రిడ్లకు అనుమతిచ్చింది. 2001-02లో హెక్టారుకు 308 కిలోలున్న దూది దిగుబడి 2007-08కి 554 కిలోలైంది. అంతా బీటీ చలవేనా? వానలు, ఎరువులు, కొత్త మందుల వాటా ఎంత? ఈ పేచీ నేటికీ తెగలేదు. ధర పేచీ మాత్రం తెగింది: 1,850 రూపాయలు పలికిన ప్యాకెట్‌ను 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి 750కి దింపింది.

ఇక ఆ పొట్లం. బీటీ తిని కూడా బతికే పురుగు ఎక్కడో ఒకటుంటుంది. పక్కనే మామూలు పత్తి ఉంటే అక్కడి పురుగులతో జతకడుతుంది, పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. అందుకే ఐదు వరుసలో, పొలంలో 20 శాతమో, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలన్నారు. ఎకరంలో 20 శాతమంటే 8 గుంటలు. కౌలు కట్టి సాగుచేసే మనిషి ఆ 8 గుంటల్ని పురుగుకు వదులుతాడా? రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు, నియమం రాసినవాళ్లే ఎకరం కమతాన్ని చూడలేదు.

చివరికి జరిగింది అదే: 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు కాయతొలుచు పురుగు తొలితరం బీటీని తట్టుకుందని, ఆ గింజలు తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండు జన్యువుల బీజీ-2 కూడా లొంగిపోయింది. ఇప్పుడు మామూలు గింజలను కలిపే 475 గ్రాముల ప్యాకెట్‌గా ఇస్తున్నారు.

పత్తి రైతులకో మాట. పూత మొదలవగానే చేలో తిరగండి. గులాబీ పురుగు పట్టి రేకులు విచ్చుకోక ముడుచుకున్న గుడ్డిపూలు కనిపిస్తే తెంపి నాశనం చేయండి. డిసెంబరు దాటాక పంటను సాగదీయకండి.