దెబ్బ తిన్నవాడిని మాట్లాడనివ్వండి

రాజకీయ గొడవల్లో రాళ్లకు ఎదురు నిలిచిన పోలీసు, ఆ తర్వాత నోరు విప్పలేడు. ఆ మౌనం ఎవరికి లాభం?

2022 మార్చి 20, ఆదివారం. నిజామాబాద్ జిల్లా బోధన్ అంబేద్కర్ చౌరస్తాలో రాత్రికి రాత్రే శివాజీ విగ్రహం వెలిసింది. తెల్లారేసరికి రెండు వర్గాలు ఎదురెదురుగా నిలిచాయి. రాళ్లు లేచాయి. పోలీసులు లాఠీలు ఝుళిపించారు, బాష్పవాయువు వదిలారు, 144 సెక్షన్ పెట్టారు. ఇలాంటి రోజు గడిచాక నాయకులంతా మైకుల ముందుకొస్తారు. రెండు గుంపుల మధ్య నిలబడ్డ కానిస్టేబుల్ మాత్రం కట్టు కట్టించుకుని మర్నాడు మళ్లీ బందోబస్తుకు వెళ్తాడు.

బందోబస్తు హెల్మెట్ ముందుండే అద్దం ఊపిరి ఆవిరికి మసకబారుతుంది. రాయి ఎటు నుంచి వస్తోందో చూడాలంటే దాన్ని పైకెత్తాలి. ఎత్తితే కన్నే గురి. 2023 ఆగస్టు 4న చిత్తూరు జిల్లా పుంగనూరులో, అప్పటి ప్రతిపక్ష నేత పర్యటన సందర్భంగా జరిగిన రాళ్ల దాడిలో ఒక కానిస్టేబుల్‌కు ఒక కంటి చూపే పోయింది. ఆ కన్ను మర్నాటికే రెండు పార్టీల మాటల యుద్ధంలో సరుకైంది.

చట్టం వేసిన తాళం

1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడితే రెండేళ్ల దాకా జైలు. అందుకే 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసుల డ్యూటీల బాధ చెప్పుకోవడానికి డిచ్‌పల్లి ఏడో బెటాలియన్‌లో సైతం వాళ్ల భార్యలు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ ఆందోళనల తర్వాత రాష్ట్రంలో 39 మంది సస్పెండయ్యారు, పది మంది ఉద్యోగాలే పోయాయి.

2025 అక్టోబరులో నిజామాబాద్‌లో నిందితుణ్ని స్టేషన్‌కు తీసుకెళ్తున్న కానిస్టేబుల్ కత్తిపోటుకు బలైతే రాష్ట్రమంతా కదిలింది. కదలాల్సిందే. కానీ చేతిలో పార్టీ జెండా ఉన్నవాడు రాయి విసిరితే, అది ఏ జెండా అని చూసుకున్నాకే సానుభూతి పుడుతుంది.

అక్కడ సాక్ష్యం చెప్పారు

2021 జనవరి 6న అమెరికా కాపిటల్‌పై దాడిలో దాదాపు 140 మంది పోలీసులు గాయపడ్డారు. ఆ జూలై 27న నలుగురు అధికారులు చట్టసభ కమిటీ ఎదుట ప్రమాణం చేసి, తమను ఎలా కొట్టారో చెప్పారు. 2025 జనవరిలో పదవి చేపట్టిన అధ్యక్షుడు దాదాపు 1,500 మంది నిందితులకు క్షమాభిక్ష పెట్టాడు. శిక్షలు రద్దయినా ఆ సాక్ష్యం రికార్డులో ఉంది.

మన దగ్గర ప్రభుత్వం మారితే కేసుల ఎత్తివేత మాట మొదలవుతుంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరించరాదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 360వ సెక్షన్ మరో మెట్టెక్కింది: బాధితుడి మాట వినకుండా కోర్టు ఉపసంహరణకు ఒప్పుకోకూడదు. దెబ్బ తిన్న కానిస్టేబుల్ కూడా బాధితుడే. ఈ సంగతి అతనికి చెప్పేవాళ్లే కావాలి.

మరోవైపు లాఠీ దెబ్బలు తిన్న జనమూ ఉన్నారు. 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ మూతపడ్డాక రోడ్డున పడ్డ కార్మికుల కోపం, చెరుకు రైతుల కోపం న్యాయమైనవే. పోలీసు సాక్ష్యం చెబితే అతణ్నీ ఎదురు ప్రశ్నలు అడగాలి. లాఠీకి జవాబు అడిగే హక్కు కూడా అప్పుడే గట్టిపడుతుంది.

కాబట్టి మూడు పనులు జరగాలి. గాయపడిన ప్రతి పోలీసుకూ కేసు ఏ దశలో ఉందో రాతపూర్వకంగా చెప్పాలి. ఉపసంహరణ పిటిషన్ వేస్తే అతనికి నోటీసు ఇచ్చి, సొంత లాయరును పెట్టుకోనివ్వాలి. పెద్ద అల్లర్లపై శాసనసభ కమిటీ కింది స్థాయి సిబ్బందిని పిలిచి వినాలి. అలా చెప్పినందుకు మెమోలు ఇవ్వకూడదు. ఇంత మాత్రం చేస్తే, రాయి విసిరించే నాయకుడికి పోలీసు మౌనం ఇక అండ కాదు.