మణిసిద్ధుడితో మొదటి మజిలీ

'పాతాళభైరవి' చూడని తెలుగు ప్రేక్షకుడు అరుదు. 1951లో విజయా వారు తీసిన ఆ చిత్రానికి మూలం కాశీమజిలీ కథల్లో ఉందని కూడా చాలామంది విన్నారు. మరి ఆ పుస్తకం తెరిచి చదివినవాళ్లెందరు? నిజం చెప్పొద్దూ, మా నరసరావుపేట ఇంట్లో అటక మీదే ఉన్నా, మొన్నటిదాకా నేనూ దుమ్ము దులపలేదు!

దులిపించింది మా మేనల్లుడు. సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చాడు. హారీ పోటర్ భక్తుడు. 1997లో వచ్చిన మొదటి నవలని నాలుగుసార్లు చదివాట్ట. "మీ తెలుగులో ఇలాంటివి లేవు కదా మావయ్యా!" అన్నాడు. ఆ 'మీ తెలుగు' ములుకులా గుచ్చుకుంది. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. ఆ రాత్రే మధిర సుబ్బన్న దీక్షితులు గారి 12 భాగాల్లో మొదటిది దింపి, డాబా మీద మంచం వేసుకుని చదివి వినిపించడం మొదలుపెట్టాను.

ఎత్తుగడ భేషుగ్గా ఉంది. మణిసిద్ధుడు కాశీకి కాలినడకన పోవాలి. తోడు దొరకదు. చివరికి ఓ పశువుల కాపరి ఒప్పుకుంటాడు, కానీ ఉత్తినే కాదు. దారిలో తాను చూసిన వింత గురించి అడిగితే మజిలీలో దాని కథ చెప్పాలి. పనిలోకి దిగకముందే కూలి ఖరారు చేసుకునే మా పల్నాటి మనిషిలాగే ఉన్నాడు! మణిసిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో ఆ కథ తెలుసుకుని చెబుతాడు. మేనల్లుడు లేచి కూర్చున్నాడు.

చిక్కు ఆ తర్వాతే. కథలో కథ, దాని కడుపులో మరో కథ. పైగా గ్రాంథికం. రాజకుమార్తె అందం వర్ణించడం మొదలైతే ఇంటర్వెల్ ఇచ్చినట్టే. నేను వాడుకమాటల్లోకి మార్చుకుంటూ కొన్ని పేజీలు దాటేశాను. దీక్షితులు గారు మన్నించాలి.

ఇంకో లోటు. కారెంపూడిలో వీరగాథ పాడుతుంటే బాలచంద్రుడు చనిపోతాడని ముందే తెలుసు, అయినా కళ్లు తడుస్తాయి. ఇక్కడ నాయకుడికెంత ఆపద వచ్చినా ఏదో మహిమ గట్టెక్కిస్తుందన్న ధీమా. వింతలు గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరు. కె.వి.రెడ్డి, పింగళి గార్ల ఘనత నాకిప్పుడే తెలిసొచ్చింది. తోటరాముణ్ణి మన పక్కింటి కుర్రాణ్ణి చేశారు. మాంత్రికుడి మాటకి ఎస్వీ రంగారావు ప్రాణం పోశాడు. పుస్తకం ఇచ్చింది ఊహ. మనుషుల్ని సినిమావాళ్లు పుట్టించుకున్నారు.

అయినా ఆ ఊహ సామాన్యమా? మూడోరాత్రి పుస్తకం మూశాక వాడు నిద్రపోయాడనుకున్నా. చీకట్లోంచి గొంతు వినిపించింది.

"మావయ్యా, మణి అన్నీ చెప్పేస్తుంటే ఆయన నడవడం ఎందుకు? ఎగిరిపోయే ఉపాయం అడగొచ్చుగా?"

జవాబు తోచలేదు. "రేపు చెబుతాలే, పడుకో" అన్నాను.

రేపు సాయంత్రం అయిదింటికి వాడి బస్సు. రెండోభాగం మా అటక మీద లేదు.