పరుగుకు పేర్లు, కొలతలు

వరంగల్లు జిల్లా కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తిని చిన్ననాట కొందరు ‘పిచ్చిది’, ‘కోతి’ అని పిలిచెడివారు. 2024 మేలో జపానులోని కోబేలో ఆమె 400 మీటర్లు 55.07 సెకనులలో పరుగెత్తి తన తరగతిలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సునందు 55.82 సెకనులతో కాంస్యపతకము గెలిచినది.

ఆ తరగతి పేరు టి-20. అందు చేరుటకు ప్రజ్ఞాలబ్ధి 75కు మించరాదు. నిత్యకృత్యములలోను ఇబ్బంది కనబడవలెను. కాళ్ళు బాగుగనే యున్నవి గదా, ప్రత్యేక తరగతి యెందుకని విద్యార్థులు అడుగుదురు. 400 మీటర్లు కేవలము వేగము కాదు. మొదటి సగములో ఎంత బలము వెచ్చించవలెనో, చివరకెంత మిగుల్చుకొనవలెనో పరుగెత్తుచునే లెక్క చూచుకొనవలెను. ఆ లెక్కలోను కష్టము కలుగవచ్చును.

దీనిని ఆటిజముతో కలిపివేయరాదు. ఆటిజము ఇతరులతో మెలగు తీరుకు, ఇంద్రియానుభవములకు సంబంధించినది. తెలివికి ఏ కొరతయు లేనివారిలోను ఉండును. అట్టివారికి టి-20లో చోటు లేదు. ‘వర్టస్’ అను అంతర్జాతీయ సంస్థ పోటీలలో వారికి వేరొక తరగతి కలదు.

పందెపు ఈలకు చెవులు మూసుకొను బాలుని ‘మొండివాడు’ అనుట మా నిజాంసాగరు వైపునను వినుచుందుము. అది మొండితనము కాకపోవచ్చును; కొందరు ఆటిజము గల పిల్లలకు ఆ ధ్వని నిజముగనే బాధ కలిగించును. ఈలకు బదులు జెండా ఊపి చూడవచ్చును.