అసలు రంగు ఏ రోజుది?

పాత మిలిటరీ జీపు ఒకటి సంపాదించి, పైనున్న రంగులన్నీ గీకించి, ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి ఆలివ్ గ్రీన్‌ను మళ్ళీ కొట్టించి రోడ్డెక్కిస్తే మన చట్టం ఒప్పుకోదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బళ్ళకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. అదే నియమావళికి 2021 జూలైలో పాతకాలపు బళ్ళ కోసం కొన్ని కొత్త నియమాలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అసలు రూపం చెడగొట్టవద్దని ఒక నియమం, అసలు రంగు మాత్రం వేయవద్దని ఇంకొకటి. పాత బళ్ళ మోజున్నవాళ్ళు దీన్ని సర్కారు వారి గజిబిజి అని కొట్టిపారేస్తారు. గజిబిజి నిజమే. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఎనభై ఏళ్ళ బండికి అసలు రంగు అంటే ఏ రోజు రంగు? నా మట్టుకు, అట్టడుగున దొరికే ఫ్యాక్టరీ రంగు కన్నా దానికీ పై రంగుకీ మధ్య ఇరుక్కున్న పూతలే విలువైనవి. ‘అసలు’ను వెలికితీసే ఉత్సాహంలో మనం ముందుగా పోగొట్టుకుంటున్నవి కూడా అవే.

ఈ మాట ఎత్తడానికి హైదరాబాదు పాతబస్తీలో బార్కస్ కన్నా తగిన చోటు లేదు. చాంద్రాయణగుట్ట దగ్గర, జామపళ్ళకూ హరీస్‌కూ రంగురంగుల లుంగీలకూ పేరుపడ్డ ఈ బస్తీ సైన్యం కోసం పుట్టింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాముల కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల బారకాసులు ఇక్కడే ఉండేవి. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యలో భారత సైన్యపు ఒకటో ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపించింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. 18న ఆయన ముందు లొంగిపోయిన హైదరాబాదు సేనాని సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ కూడా అరబ్బు మూలాలున్నవాడే. తర్వాత ఈ సిపాయి కుటుంబాల్లో కొందరిని అరేబియాకు తిప్పి పంపారు, మిగిలినవాళ్ళు వ్యాపారాల్లో, గల్ఫ్ కొలువుల్లో కుదురుకున్నారు. ఆ సెప్టెంబరు ఫొటోల్లో మనకు బాగా తెలిసినవి నలుపు తెలుపువి. ఆకుపచ్చ, మట్టి రంగు, ఇసుక రంగు మూడూ వాటిలో బూడిద ఛాయలుగానే పడతాయి. అప్పటి జీపు ఒకటి ఈ బస్తీలో ఏ షెడ్డు మూలనో ఉందనుకుందాం. అది ఏ రంగులో తిరిగిందో ఆ ఫొటోలు చెప్పలేవు, రేకు మీది పూత చెబుతుంది.

పూతను చదవడం గారడీ ఏమీ కాదు. బానెట్ మీద అరచేతంత చోటు ఎంచుకుని, నీళ్ళు చల్లుతూ 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 800కూ ఆపైన 1500కూ మారుతూ నడుమ ఎక్కువగా, అంచుల్లో తక్కువగా రుద్దితే పూతలు వలయాలుగా విచ్చుకుంటాయి. నట్టనడుమ ఇనుము మెరుస్తుంది. దాని చుట్టూ ఫ్యాక్టరీ ప్రైమర్, మాసిన ఆకుపచ్చ, మళ్ళీ ఒక రెడ్ ఆక్సైడ్, దానిపైన ఇంకో ముదురు ఆకుపచ్చ, తెల్లటి లప్పం, చివరికి నీలమో ఎరుపో ఎనామెల్ కనబడవచ్చు. థిన్నర్‌లో తడిపిన గుడ్డను ఒక్కో వలయానికి ఆనించి చూస్తే ఇంకొంత తెలుస్తుంది. డ్యూకో అయితే రంగు గుడ్డకు అంటుతుంది, ఎండి గట్టిపడ్డ ఎనామెల్ అయితే మహా అయితే ముడతలు పడుతుంది గానీ కరిగి రాదు. రుద్దడానికి ముందే చీకట్లో టార్చిలైటును రేకుకు దాదాపు ఆనించి వాలుగా వేస్తే, ఎప్పుడో బ్రష్‌తో రాసిన అంకెల అంచులు పై రంగు కింద నుంచి ఉబ్బుగా తేలతాయి. అవి అమెరికా సైన్యం బానెట్ పక్కన రాసిన నంబరు కావచ్చు, బంపర్ మీదైతే మన సైన్యపు నంబరూ దాని బాణం గుర్తూ కావచ్చు. డ్యాష్‌బోర్డు మీది పేరు రేకుల వెనక, డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంటలో ఎండా వానా తగలని పూత దొరుకుతుంది. ఇదంతా మన డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో చేయి తిరిగినవాళ్ళకు తెలిసిన పనే. వైర్ బ్రష్‌కో ఇసుక యంత్రానికో అప్పగిస్తే ఆ చరిత్రంతా ఒక పూటలో నేల మీది దుమ్మవుతుంది.

ఇంత కష్టపడి అడుగుకు చేరినవాళ్ళు అక్కడ దొరికిన ఆకుపచ్చను చూసి దొరికిందంటే దొరికిందంటారు. నిజానికి దొరికింది అంత అపురూపమైనదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. వాటికి అమెరికా సైన్యం నిర్ణయించిన మెరుపు లేని ఆలివ్ డ్రాబ్, 9వ నంబరు ఛాయ, నాటి పత్రాల్లోనే ఉంది. ఆ రంగు కావాలంటే బార్కస్‌లోని జీపును గీకనక్కర్లేదు. పైగా గీకి చూసిన ఛాయ నమ్మదగ్గది కూడా కాదు. ఎండకు ఉన్న పూత వెలిసి సుద్దలా రాలుతుంది, చీకట్లో ఉన్న నూనె రంగు పసుపెక్కుతుంది, గ్రీజు తగిలింది నల్లబడుతుంది. ఒకే జీపులో మూడు చోట్ల మూడు ఆకుపచ్చలు కనిపిస్తే మూడూ ఒకే డబ్బాలోంచి వచ్చినవి కావచ్చు. ఇక రెండో ఆకుపచ్చ సంగతి వేరు. ఏ వర్క్‌షాపులోనో చేతికందిన రంగు కలిపి వేసిన ఆ పూతకు నంబరుండదు, దాన్ని నిర్ణయించిన కాగితం ఉండదు. ఈ రేకు మీద పోతే ఇంకెక్కడా దొరకదు.

రంగును నిర్ణయించేది యుద్ధ వ్యూహం ఒక్కటే అనుకునేవాళ్ళు బ్రిటిష్ బళ్ళ కథ చూడాలి. యుద్ధం మొదట్లో వాటికి ఖాకీ గ్రీన్ వేసేవారు. ఆకుపచ్చకు ప్రాణమైన క్రోమియం ఆక్సైడ్‌కు కొరత రావడంతో 1941 నుంచి ఎస్‌సీసీ 2 అనే మట్టి రంగుకు మారారు. 1944 ఏప్రిల్‌లో మళ్ళీ ఎస్‌సీసీ 15 అనే ఆలివ్ డ్రాబ్ వచ్చింది. అమెరికా నుంచి వచ్చే బళ్ళకు దగ్గరి ఛాయ కాబట్టి వాటికి మళ్ళీ రంగు కొట్టే పని తప్పింది. పాత మట్టి రంగు బళ్ళన్నిటికీ పనిగట్టుకుని మళ్ళీ రంగు వేయలేదు. కనుక మట్టి రంగు మీద ఆకుపచ్చ ఉన్న బ్రిటిష్ లారీ దొరికితే, సరుకు కొరత నుంచి తెరిపి దాకా ఒక సామ్రాజ్యం పడ్డ అవస్థ అరమిల్లీమీటరు మందంలో చేతికి దొరికినట్టే. అడుగు పూత ఒక్కటే అసలైనదని పైదాన్ని తీసేస్తే సగం కథ పోతుంది.

హైదరాబాదు పేరు పెట్టుకున్న యుద్ధ వాహనాల్లో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అవి నేల మీద తిరిగినవి కావు, విమానాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్ డీహెచ్ 9ఏ విమానాలకు డబ్బిచ్చింది నిజాం. అందుకే దానికి హైదరాబాదు పేరు. వాటిలో ఎఫ్ 1010 అనే విమానాన్ని 1918 అక్టోబరులో జర్మన్లు పట్టుకున్నారు. అది బెర్లిన్ మ్యూజియానికి, అక్కడి నుంచి రెండో యుద్ధకాలంలో పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని ఇచ్చి దీన్ని బ్రిటన్ తిరిగి తీసుకుంది, మరమ్మతు చేసి లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో పెట్టింది. ఇది హైదరాబాదు నిజాం కానుక అన్న రాత దాని ఒంటి మీద ఉండబట్టే మనకది అంత దగ్గరిది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాదు పేరే వచ్చింది. దాని ముద్ర మీద నిజాం తలపాగా ఉంటుంది. బర్మాలో ఆ దళపు స్పిట్‌ఫైర్ల గుండ్రటి గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుతను గీసుకున్నారు. ఆ చిరుత ఏ ఇంగ్లండు ఫ్యాక్టరీ నుంచీ రాలేదు. ఫ్యాక్టరీ నాటి రూపమే అసలుదని పట్టుబట్టేవాడు మొదట తుడిచేయవలసింది ఆ చిరుతనే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పూతలు అబద్ధం కూడా చెబుతాయి. సైన్యం వర్క్‌షాపుల్లో ఒక బండి బానెట్ ఇంకో బండికి ఎక్కేది. విల్లీస్ చాసిస్ మీద ఫోర్డ్ భాగాలు, ‘ఎఫ్’ అక్షరం కొట్టిన ఫోర్డ్ బోల్టులతో సహా, కనిపించడం వింత కాదు. అలాంటప్పుడు బానెట్ మీది వలయాలు చూసి జీపు జాతకం రాసేయడం తొందరపాటే. ఒప్పుకుంటాను. అందుకే ఒక చోటు చాలదు, కనీసం బానెట్, పక్క రేకు, నేల, చాసిస్ నాలుగింటి వలయాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బానెట్ మీద మిగిలినవాటి కన్నా రెండు పూతలు ఎక్కువున్నాయంటే బానెట్ మరెక్కడో పుట్టి ఉండవచ్చు. అదీ ఒక సమాచారమే, పొరపాటని తీసిపారేసేది కాదు. వలయాలు వరసనే చెబుతాయి, తేదీలు చెప్పవు. తేదీ కోసం కాగితాలనూ, ఫొటోలనూ, రంగు తయారీ చరిత్రనూ ఆశ్రయించాలి. మ్యూజియంలవాళ్ళు గోరంత పెచ్చును రెసిన్‌లో పోతపోసి, అరగదీసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. పూతల మధ్య చిక్కిన మురికి కూడా అందులో కనబడుతుంది. మురికి ఉందంటే ఆ పూత కొంతకాలం ఊళ్ళు తిరిగిందని, లేదంటే వెంటనే పైపూత పడిందని అర్థం.

తుప్పు మాటేమిటంటారు ఇంకొందరు. పాత పూతలను ఉంచితే వాటి కింద ఇనుము తినేస్తుంది, బండే మిగలదు. నిజమే, తుప్పు పట్టిన చోట గీకవలసిందే, రేకు మార్చవలసిందే. బండంతా పాత రంగులతో వదిలేయమని నేననడం లేదు. తుప్పు లేని నాలుగు చోట్ల అరచేతంత కిటికీలు ఉంచి, కావాలంటే తీసేయగలిగే పారదర్శక వార్నిష్ పూసి, మిగతా చోట్ల శుభ్రంగా కొత్త రంగు వేసుకోవచ్చు. నీళ్ళతో రుద్దడం వల్ల ఇంకో మేలుంది. పాత ప్రైమర్లలో, రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని పదిలక్షల్లో 90 వంతులకు పరిమితం చేసిన మన నియమం అమల్లోకి వచ్చింది 2017లోనే. గాలి ఆడని షెడ్డులో పొడిగా గీకితే ఆ సీసం పోయేది పనివాడి ఊపిరితిత్తుల్లోకి. యజమాని మోజుకు కుర్రవాడు దగ్గుకోవడం ఏ లెక్కనా సమంజసం కాదు.

మచ్చల బండి చూడ్డానికి బాగోదు, కొత్తగా మెరిస్తేనే అందం అనేవాళ్ళకు మన దేశపు తొలి కుంభకోణాల్లో ఒకదాన్ని గుర్తుచేయాలి. 1948లో లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ సైన్యం కోసం 2,000 రీకండిషన్డ్ జీపులకు ఒప్పందం కుదిర్చారు. వచ్చినవి 155, అవీ పనికిరానివని తేలింది. బాగుచేశారన్న మాటకూ బండి నిజానికీ ఎంత దూరమో చెప్పడానికి ఆ 155 చాలు. ఒకే రంగులో నిగనిగలాడే పునరుద్ధరణ బండి కూడా తన గురించి తానేమీ చెప్పదు. దాని యజమాని చెప్పింది నమ్మడమే మనకు మిగులుతుంది.

పౌరుల చేతిలో పడ్డాక వేసిన ఎరుపు, నీలం, తెలుపుల మీద అందరికీ చిన్నచూపే. వాటిని మురికి లెక్కన తీసేస్తారు. నాకైతే ఆ పూత సిపాయి చేతికిచ్చే డిశ్చార్జి కాగితం లాంటిది. సైన్యం పక్కన పెట్టిన బండి, విల్లీస్ అయినా జబల్పూరులో తయారైన జోంగా అయినా, సైన్యం నంబరు వదిలి ఆర్టీఓ నంబరు తీసుకుంటుంది, రిజిస్ట్రేషన్ కాగితంలో రంగు గడి నింపించుకుంటుంది. 121వ నియమం వచ్చాక ఆ గడిలో ఆలివ్ గ్రీన్ అని రాయించుకునే వీలు లేదు. కాబట్టి ఆకుపచ్చ మీద మొదటి పౌర రంగు ఎక్కడ మొదలైందో అక్కడ ఆ బండి సైనిక జీవితం ముగిసింది. ఆ గీతను చెరిపి, దేశభక్తి పేరుతో మళ్ళీ యూనిఫాం తొడగడం నాకు రుచించదు.

మరి చట్టాన్ని మార్చమని అడగాలా? సైన్యం వేషంలో తిరిగే బండితో భద్రతకు ముప్పుందన్న వాదనను తేలిగ్గా తీసుకోలేం. ‘వీఏ’ నంబరు బళ్ళను రోజువారీ అవసరాలకు నడపకూడదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన లాంటి పనులకు మాత్రమే బయటికి తీయాలి కనుక వాటికి మినహాయింపు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఇస్తే సంతోషమే. ఇవ్వకపోయినా నేను చెప్పిన పద్ధతికి ఆటంకం లేదు. బండి మీద కాగితంలో ఉన్న పౌర రంగే ఉంటుంది. నాలుగు కిటికీల్లోంచి పాత ఆకుపచ్చలు కనబడితే బండికి ఎవరూ ఆలివ్ గ్రీన్ వేసినట్టు కాదు, వేసినదాన్ని చూపినట్టు. ఇక మిగిలింది రాసిపెట్టుకోవడం. ఏ రేకు, నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తు, పైనుంచి కిందికి ఏ వరసలో ఏ రంగులు, ట్యూబులైటు కింద కాకుండా పగటి నీడలో రంగుల కార్డు పక్కన పెట్టి తీసిన ఫొటో, కవరులో వేసి అంకె రాసిన పెచ్చు. తర్వాత ఆ జీపు చేతులు మారితే తాళాలతో పాటు ఆ కవర్లు కూడా కొత్త యజమానికి వెళ్ళాలి.