‘ఎవరెస్టు’ ఎవరి ఇంటిపేరు?

తెలుగునాట ఇద్దరు క్రొత్తవారు కలిసికొన్నప్పుడు రెండవ మాటగానో మూడవ మాటగానో వచ్చు ప్రశ్న ‘మీ ఇంటిపేరేమి?’ అనునది. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములో చాల తరచుగా ఒక ఊరు దాగియుండును. కందుకూరు కందుకూరివారిని ఇచ్చినది. గురజాడ అను ఊరు గురజాడవారిని ఇచ్చినది. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి పేరు రాధాకృష్ణ పండితుని ఇంటిపేరై ప్రపంచమంతయు తిరిగినది. ఆయన జన్మించినది తిరుత్తణి ప్రాంతమున. విద్య నేర్చినది మద్రాసున. పాఠము చెప్పినది ఆక్స్‌ఫర్డున. అయినను పూర్వులు ఏనాడో విడిచివచ్చిన పల్లె ఆయన పేరునకు ముందు నిలిచియే ఉన్నది. మనిషి ఊరు విడుచును గాని, ఊరు మనిషిని విడువదు.

ఈ ఆచారము మనకే సొంతము కాదు. ఇంగ్లండులోను ఊరిపేరు ఇంటిపేరగుట అనాదిగా కలదు. భేదమెల్ల ఒక్కటే: మనము ఇంటిపేరును ముందు పెట్టుదుము, వారు వెనుక పెట్టుదురు. అట్టి ఆంగ్ల గృహనామములలో ఒకటి, స్వదేశమున మిక్కిలి అరుదైనది, మన బడిపిల్లలలో ప్రతివారికిని నోటికి వచ్చును. అది ఇంటిపేరని మాత్రము పదిమందిలో ఒక్కరికైనను స్ఫురించదు. ఆ పేరు ‘ఎవరెస్టు’.

ఉప్పల్‌తో దీనికేమి సంబంధము?

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్, హబ్సిగూడ, నాచారము ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము కలదు. ఐక్యరాజ్యసమితి సహాయముతో 1967లో హైదరాబాదున ఆరంభమైన ఈ కేంద్రము పేర్లు మారుచు వచ్చి, నేడు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ జియో-ఇన్ఫర్మాటిక్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ అని పిలువబడుచున్నది. సమీపముననే ఉప్పల్ రోడ్డుపై 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము కలదు. భూమిని కొలుచు విద్య, భూగర్భమును శోధించు విద్య, రెండును ఇక్కడ ఇరుగుపొరుగులై యున్నవి.

భూమాపన విద్య నేర్చువానికి ‘ఎవరెస్టు’ అనగా మొదట శిఖరము కాదు, ఒక లెక్క. భూమి బంతివలె సరిగా గుండ్రని వస్తువు కాదు; ధ్రువములకడ కొంచెము అదిమినట్లుండును. ఆ ఆకృతిని గణితమున నిర్దేశించినగాని పటము గీయుటకు వీలులేదు. 1830లో జార్జి ఎవరెస్టు నిర్ణయించిన కొలతలకు ‘ఎవరెస్టు గోళాభము’ అని పేరు. మనదేశపు సర్వే పటములు తరతరములుగా దానిపైననే గీయబడినవి. 2005లో వెలువడిన జాతీయ పటవిధానముతో ప్రజలకిచ్చు పటములకు ఉపగ్రహ యుగమునకు తగిన ప్రపంచ ప్రమాణమును స్వీకరించిరి. అనగా శిఖరమును ఎన్నడును చూడని ఒక ఇంగ్లీషువాని ఇంటిపేరు, మన పల్లెల పటములన్నింటి అడుగున, పునాదిరాయివలె కనబడక నూట డెబ్బది సంవత్సరములకు పైగా ఉన్నదన్నమాట.

పేరు పుట్టుక

ఫ్రాన్సు దేశమున నార్మండీ ప్రాంతములో ఎవ్రూ అను పట్టణము కలదు. ప్రాచీన కాలమున అచట నివసించిన ఎబురోవికీ అను గాల్ జాతి పేరే ఆ పట్టణమునకు వచ్చినది. 1066లో నార్మను ప్రభువు విలియము ఇంగ్లండును జయించినప్పుడును, ఆ తరువాతను నార్మండీనుండి ఎందరో సముద్రము దాటి వచ్చిరి. ఎవ్రూనుండి వచ్చినవారిని ఊరిపేరుతో పిలిచిరి. ఆ పేరు ఇంగ్లండున రెండు పాయలైనది. ‘ఎవ్రూనుండి’ అను అర్థమిచ్చు ఫ్రెంచి ప్రత్యయముతో నిలిచినది ‘డెవరూ’ వంశము. ఎలిజబెతు రాణి అనుగ్రహము పొంది, పిదప ఆమె ఆజ్ఞచేతనే 1601లో శిరచ్ఛేదమునకు గురియైన ఎసెక్సు ప్రభువు ఆ వంశజుడే. ప్రత్యయము లేక సామాన్యుల నోట నలిగినది ‘ఎవరెస్టు’. ఒకే ఊరు ఒక యింట ప్రభువు పేరై, మరొక యింట సామాన్యుని పేరై నిలిచినది. మన ఇంటిపేర్లలోను ఒకే గ్రామనామము వేర్వేరు కులములవారికి, వేర్వేరు అంతస్తులవారికి ఉండుట తెలిసినదే కదా.

ఈ ఇంటిపేరు వ్యాపించిన తీరు గమనింపదగినది. ఇంగ్లండున 1538 నుండి చర్చి దస్తరములలో జనన మరణ వివాహములు వ్రాయుట ఆరంభమైనది. 1881 నాటి జనాభా లెక్కల పత్రములు పూర్తిగా లభించుచున్నవి. వీనిని జతపరచి, ఏ ఇంటిపేరు ఏ జిల్లాలో ఎంత చిక్కగా ఉన్నదో పటముపై గుర్తించు పద్ధతి ఒకటి పెంపొందినది. స్మిత్ వంటి పేరు దేశమంతట పరచుకొనియుండును. కమ్మరి లేని ఊరు లేదు గనుక దానిని బట్టి ఏమియు తెలియదు. అరుదైన పేరు అట్లు కాదు. అది తన వేరు ఎక్కడ పాతుకొన్నదో ఆ చోటనే గుంపుగా కనబడును. ఎవరెస్టువారు ఆగ్నేయ ఇంగ్లండున, ముఖ్యముగా కెంటు జిల్లాలో కనబడుదురు. ఫ్రాన్సుకు ఎదురుగా, సముద్రమునకు ఈవలి ఒడ్డున ఉన్న జిల్లా అదియే.

విన్‌స్టన్ చర్చిలును పెంచి పెద్దచేసిన దాది ఎలిజబెతు ఎవరెస్టు కెంటులోని చాతమున జన్మించినది. జార్జి ఎవరెస్టు తండ్రి గ్రీనిచ్‌లో న్యాయవాది. అదియు ఆనాడు కెంటులోనిదే. 1790లో జన్మించిన జార్జికి నామకరణము జరిగినది గ్రీనిచ్‌లోనే. లోకమంతయు రేఖాంశములను ఎచ్చటనుండి లెక్కించుచున్నదో ఆ చోటనే, రేఖాంశములు కొలుచుటకై జీవితమును ధారపోసిన మనిషికి పేరు పెట్టబడినది.

తెలంగాణపు అడవులలో

మద్రాసు సమీపమున 1802లో విలియము లాంబ్టను ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన మహా త్రికోణమాపనము దక్షిణ దేశమంతయు దాటి నిజాము రాజ్యమున ప్రవేశించినది. 1815లో బీదరు సమీపమున మరియొక ఆధారరేఖను కొలిచిరి. ఈ మాపనమునకు వెన్నెముకవంటిది 78వ రేఖాంశమును ఇంచుమించుగా అనుసరించి కన్యాకుమారినుండి హిమాలయ పాదములవరకు సాగిన మహాచాపము. ఉప్పల్ ఆ రేఖాంశమునకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరముననే యున్నది.

లాంబ్టనునకు ముఖ్య సహాయకుడుగా ఎవరెస్టు 1818లో హైదరాబాదు చేరెను. మరుసటి సంవత్సరము కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలకై పోయి, వానకాలపు అడవి జ్వరమున పడెను. ఆయన మాత్రమే కాదు, దండు దండంతయు మంచము పట్టినది. కొందరు మరలి రాలేదు. ఆరోగ్యమునకై ఆయన 1820లో గుడ్‌హోప్ అగ్రమునకు పోయి తిరిగి వచ్చెను. 1823 జనవరిలో హింగన్‌ఘాటున లాంబ్టను మరణింపగా ఆ భారమంతయు ఎవరెస్టుపై పడెను. 1830లో సర్వేయరు జనరలుగను నియమితుడై, 1841 నాటికి మహాచాపమును ముగించి, 1843లో పదవి విరమించెను. 1866లో ఆయన మరణించెను.

ఇచ్చట ఒక్క నిమిషము ఆగవలెను. జ్వరమున పడిన దొర కోలుకొనెను. ఆయన పేరు చరిత్ర కెక్కెను. ఆయనతోబాటు అడవిలో గొలుసులు లాగినవారి, గుట్టలపై జెండాలు పాతినవారి, రాత్రులయందు దీపములు చూపినవారి, బరువులు మోసినవారి ఇంటిపేర్లు ఎవరికి తెలియును? ఖలాసీలని, కూలీలని లెక్కలలో ఒక సంఖ్యగా మిగిలిరి. పేరు మిగిలిన దేశీయులు కొలదిమందియే. ఆర్కాటునుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహసీన్ హుస్సేన్ సర్వే యంత్రములను బాగుచేయుటలో అసమాన ప్రతిభ చూపెను. కలకత్తా హిందూ కళాశాలలో చదివిన రాధానాథ సిక్‌దార్ 1831లో గణకుడుగా చేరి, పదునైదవ సంఖ్యతో పిలువబడుచున్న శిఖరపు ఎత్తును గణించుటలో ప్రముఖుడయ్యెను.

వలదన్న గౌరవము

ఆ శిఖరము 29,002 అడుగులని, లోకమున అన్నింటికన్న ఎత్తైనదని 1856లో ప్రకటించినవాడు ఎవరెస్టు తరువాత సర్వేయరు జనరలైన ఆండ్రూ వా. స్థానికులు పిలుచు పేరునే పటమున ఉంచవలెనన్నది ఎవరెస్టు పాటించిన నియమము. వా ఆ నియమమును విడిచి, తగిన స్థానిక నామము దొరకలేదని చెప్పి, తన పూర్వాధికారి ఇంటిపేరును శిఖరమునకు పెట్టెను. నేపాలున చిరకాలము నివసించిన హాడ్జ్‌సన్ ‘దేవధుంగ’ అను పేరును సూచించెను. టిబెట్టువారు ఆ పర్వతమును చోమోలుంగ్మా అనుచునే యున్నారు. నేపాలువారి సాగరమాత అను పేరు తరువాతి కాలమున వ్యాప్తికి వచ్చినది.

ఎవరెస్టు స్వయముగా 1857లో లండనులోని భౌగోళిక సంఘమున అభ్యంతరము తెలిపెను. తన పేరు ఫార్శీలోను హిందీలోను వ్రాయుటకు వీలుపడదనియు, ఈ దేశపు ప్రజలు దానిని ఉచ్చరింపలేరనియు ఆయన వాదము. సంఘమువారు వినలేదు; 1865లో ఆ పేరునే స్థిరపరచిరి. ఆయన భయము ఒక విధముగా నిజమైనది. ఆ కుటుంబమువారు తమ పేరును ‘ఈవ్‌రెస్ట్’ అని పలుకుదురు. నేడు లోకమున ఎవరును అట్లు పలుకరు. మన బాలురు ‘ఎవరెస్టు’ అని తెలుగున చక్కగా వ్రాయుదురు, పలుకుదురు; కాని అది ఆయన ఇంటివారు పిలుచుకొన్న పేరు కాదు. పర్వతమునకు తన పేరు పోయినది. మనిషికి తన పేరు పలుకు పోయినది.

ఆడపడుచుల వెంట

ఇంటిపేరు కుమారుల వెంట నడచుననుట రెండు దేశముల వాడుక. ఎవరెస్టువారి విషయమున మాత్రము దానిని కాపాడినది ఆడపడుచులు. జార్జి తమ్ముని కుమార్తె మేరీ ఎవరెస్టు గణితజ్ఞురాలు. తర్కమునకు బీజగణిత రూపమిచ్చిన జార్జి బూలును వివాహమాడినది. పెండ్లియైనను ఆమె మేరీ ఎవరెస్టు బూల్ అనియే గ్రంథములు వ్రాసినది. కుమార్తెలలో ఒకతె లూసీ ఎవరెస్టు బూల్ రసాయన శాస్త్రజ్ఞురాలు. మరియొక కుమార్తె వంశమున మునిమనుమడు జెఫ్రీ ఎవరెస్టు హింటన్ 2024లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందెను. యంత్రములకు నేర్చుకొనుట నేర్పిన శాస్త్రజ్ఞుని పేరు నడుమ ఎవ్రూ పట్టణము నేటికిని దాగియున్నది.

సముద్రము దాటి అమెరికా పోయిన ఎవరెస్టులును కలరు. హైరం ఎవరెస్టు 1866లో మరియొకనితో కలిసి యంత్రములకు కందెన నూనె తయారుచేయు సంస్థను స్థాపించెను. కాన్సాసు రాష్ట్రమున ఎవరెస్టు అను చిన్న ఊరు కలదు. ఊరు ఇంటిపేరైనది, ఇంటిపేరు మరల ఊరైనది.

మన హాజరు పట్టీలు

ఇంటిపేర్ల విద్యలో ఒక హెచ్చరిక అవసరము. ధ్వని ఒకటైనంత మాత్రమున పుట్టుక ఒకటి కాదు. ‘బతుకు పుస్తకం’ వ్రాసిన ఉప్పల లక్ష్మణరావుగారి ఇంటిపేరు తెలుగుది. పంజాబున ఖత్రీలలో ఉప్పల్ అను వంశనామము కలదు. మన ఉప్పల్ ఒక గ్రామము. ఈ మూటిని ఒక త్రాటికి కట్టుట పొరపాటు. పాత వ్రాతలు, పటములు, పెద్దల మాటలు ఒకదానితో నొకటి సరిపోయినప్పుడే నిర్ణయము చేయవలెను.

ఉప్పల్, నాచారము పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ విద్యకు కావలసిన సామగ్రి చేతిలోనే యున్నది. నాచారము పారిశ్రామికవాడకు పనికై వచ్చినవారి పిల్లలు, కోస్తానుండి, రాయలసీమనుండి, ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారి పిల్లలు, తరతరములుగా ఇక్కడనే ఉన్నవారి పిల్లలు ఒకే హాజరు పట్టీలో పక్కపక్కన కలరు. ఒక్కొక్క ఇంటిపేరు ఏ ఊరిదో ఇంటివద్ద పెద్దలను అడిగి తెలిసికొని, పటముపై ఒక చుక్క పెట్టింపవచ్చును. ఒక సంవత్సరములో ఆ తరగతి గోడపై తెలుగుదేశపు వలసల చరిత్ర వెలయగలదు. ఇంటిపేరులో ఊరు లేనివారును ఉందురు. వారికి వంశము, వృత్తి, తండా ఏదో యొకటి ఉండును. వారి చుక్కయు తక్కినవారి చుక్కంతయే ఉండవలెను.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగు సంవత్సరములు నిండకమునుపే, ఆ శిఖరమును అధిరోహించినది. మాలావత్ అనునది లంబాడాల వంశనామము. దాని నెరిగినవారు అప్పటివరకు కొలదిమంది, ఆనాటినుండి లోకమెరిగినది. ఒకనాడు ఆ కొండకు పేరు పెట్టునపుడు ఈ దేశపు పేర్లు ఎవరికిని వినబడలేదు. ఇప్పుడు వినవలసిన పేర్లు మన తరగతి గదులలోనే ఉన్నవి. ప్రతి ఉదయము పట్టీ తీసి వానిని ఒక్కొక్కటిగా పిలుచుచునే యున్నాము.