కయాక్ పడవపై రాడ్ హోల్డర్ల అమరిక

రాడ్ హోల్డర్ అనగా గాలపు కర్రను చేతితో పట్టుకోనవసరం లేకుండా పడవకు బిగించి నిలిపి ఉంచే సాధనం. కయాక్ అనే సన్నని, తేలికైన పడవపై ఒంటరిగా చేపలు పట్టేవారికి ఇది ఎంతో అవసరం. తెడ్డు వేయడానికి రెండు చేతులూ కావాలి కనుక ఆ సమయంలో గాలపు కర్రను హోల్డరుకే అప్పగించాలి. పెద్ద పడవలో హోల్డరు ఎక్కడ ఉన్నా మనిషి లేచి అక్కడికి వెళ్ళగలడు. కయాక్‌లో సాధారణంగా కూర్చున్న చోటినుండే అన్ని పనులూ చేయాలి. అందువల్ల ఏ రకం హోల్డరు కొన్నారన్న దానికంటే దానిని ఎక్కడ బిగించారన్నది ముఖ్యం. తప్పు చోట బిగించిన హోల్డరు తెడ్డుకు అడ్డు తగులుతుంది, చేప పడినపుడు చేతికి అందదు, పడవ బోల్తా పడితే మనిషి తిరిగి ఎక్కడానికి ఆటంకమవుతుంది.

నేపథ్యం

కయాక్ మొదట ఉత్తర ధ్రువ ప్రాంతానికి చెందిన ఇన్యుయిట్, యూపిక్, అల్యూట్ ప్రజల వేట పడవ. కొయ్య లేదా తిమింగలం ఎముకల చట్రంపై సీల్ వంటి సముద్ర జంతువుల చర్మాన్ని కప్పి దీనిని తయారుచేసేవారు. వేటగాడు తన ఈటెలను పడవ పైభాగాన ఉన్న తోలు పట్టీల కింద, చేతికి అందే దూరంలో ఉంచుకునేవాడు. నేటి రాడ్ హోల్డర్ల అమరికకు కూడా ఇదే మూల సూత్రం.

1970లలో కాలిఫోర్నియాకు చెందిన టిమ్ నీమియర్ పైన కూర్చుని నడిపే కయాక్‌లను రూపొందించాడు. ఇటువంటి పడవలో సామాను పెట్టుకోవడం, నీటిలో పడితే తిరిగి ఎక్కడం సులభం కావడంతో చేపలు పట్టేవారు వీటిని ఆదరించారు. 1997లో హోబీ సంస్థ కాళ్ళతో తొక్కి నడిపే మిరాజ్‌డ్రైవ్ యంత్రాంగాన్ని ప్రవేశపెట్టింది. తొక్కుడు పడవల్లో చేతులు ఖాళీగా ఉంటాయి కనుక హోల్డర్ల స్థానం విషయంలో కొంత స్వేచ్ఛ లభిస్తుంది.

రకాలు

* లోపలికి దిగిన గొట్టం (ఫ్లష్ మౌంట్): పడవ పైభాగానికి రంధ్రం చేసి అమర్చిన గొట్టం. సాధారణంగా కూర్చునే చోటుకు వెనుక ఇరువైపులా ఉంటుంది. దృఢమైనది, పైకి పొడుచుకు రాదు. కానీ దీని కోణాన్ని మార్చలేము.
* సర్దుబాటు హోల్డరు: ఒక పీఠంపై నిలబడి పక్కకు తిరుగుతుంది, పైకి కిందికి వంగుతుంది. అవసరం లేనపుడు తీసివేయవచ్చు.
* పట్టాపై జరిగే హోల్డరు: పడవ అంచున బిగించిన లోహపు పట్టాలో ముందుకు వెనుకకు జరుగుతుంది. స్థానాన్ని మార్చాలంటే కొత్త రంధ్రం చేయనవసరం లేదు.
* పెట్టెకు కట్టిన గొట్టాలు: సీటు వెనుక ఉంచే ప్లాస్టిక్ పెట్టెకు పీవీసీ గొట్టాలను కడతారు. ఇది చవకైన పద్ధతి. వాడని కర్రలను నిలబెట్టి తీసుకువెళ్ళడానికి మాత్రమే ఇది తగినది.

ఎంపిక చేసేటపుడు రీలును కూడా గమనించాలి. స్పిన్నింగ్ రీలు కర్రకు కిందివైపు వేలాడుతుంది, బెయిట్‌కాస్టింగ్ రీలు పైన కూర్చుంటుంది. కాబట్టి తమ రీలు ఇమిడే చీలిక హోల్డరులో ఉన్నదో లేదో చూసుకోవాలి.

స్థాన నిర్ణయం

రంధ్రం చేసే ముందు పడవను నేలపై ఉంచి, సీటులో కూర్చుని, తెడ్డును రెండు వైపులా పూర్తిగా ఆడించి చూడాలి. తెడ్డు, పిడికిళ్ళు కదిలే ప్రదేశాన్ని సుద్దతో గుర్తించి, ఆ ప్రదేశాన్ని విడిచిపెట్టాలి. ఆ తరువాత వీపును సీటుకు ఆనించి, చేయి చాపి అందే దూరాన్ని గుర్తించాలి. తెడ్డు తగలక, చేయి అందే చోటే హోల్డరుకు సరైన స్థానం. చాలా పడవల్లో ఇది మోకాళ్ళకు కాస్త ముందు, అంచుకు దగ్గరగా ఉంటుంది.

పడవ కదులుతుండగా ఎరను వెనుక లాగుతూ చేపలు పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. ఇందుకు ముందు హోల్డరు మేలు. కర్ర కొన కళ్ళెదుటే ఉండటం వలన ఎర సరిగా కదులుతున్నదో లేదో, దానికి నాచు తగులుకున్నదో తెలుస్తుంది. వెనుక హోల్డరులోని కర్రను అందుకోవాలంటే నడుము తిప్పాలి. అలా తిరిగినపుడు శరీర భారం ఒక పక్కకు ఒరుగుతుంది. అదే సమయంలో చేప కూడా అదే పక్కకు లాగితే పడవ బోల్తా పడే ప్రమాదముంది.

హోల్డరు ఎత్తు కూడా ముఖ్యమే. దారం పక్కకు లాగే బలం ఎంత ఎత్తున పనిచేస్తే పడవను ఒరగదీసే ప్రభావం అంత ఎక్కువ. కాబట్టి తెడ్డుకు, మోకాళ్ళకు అడ్డు రానంత వరకు హోల్డరును తక్కువ ఎత్తులో అమర్చాలి.

బిగించే విధానం

చేపల వేటకు వాడే కయాక్‌లలో అధిక భాగం పాలీఇథిలీన్‌తో తయారవుతాయి. ఈ ప్లాస్టిక్‌కు జిగురు పదార్థాలు గట్టిగా అంటవు. అందువల్ల బోల్టులతోనే బిగించాలి. జిగురు లేదా రబ్బరు పొర నీరు లోపలికి రాకుండా ఆపడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. లోపలివైపు చేయి దూరితే వెడల్పాటి వాషరు లేదా పలక వేసి నట్టు బిగించాలి. దీనివలన లాగుడు బలం ఎక్కువ వైశాల్యంపై పరచుకొని ప్లాస్టిక్ చీలకుండా ఉంటుంది. చేయి దూరని చోట వెడల్పుగా విచ్చుకునే రివెట్లు లేదా రబ్బరు నట్లు వాడతారు. ఉప్పునీటిలో వాడే పడవకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు మేలు.

ఉదాహరణ: లా హోయా తీరం

కాలిఫోర్నియాలోని శాన్ డియాగో నగరంలో ఉన్న లా హోయా తీరం కయాక్‌పై చేపల వేటకు పేరుపొందినది. ఇక్కడ కెల్ప్ అనే భారీ సముద్రపు నాచు అడవుల అంచున, కానాగంతల కుటుంబానికి చెందిన మాకెరల్ చేపను బతికుండగానే ఎరగా కట్టి, నెమ్మదిగా లాగుతూ ఎల్లోటెయిల్ అనే బలమైన చేపను పడతారు. కెల్ప్ తగిలినా, చేప పట్టినా క్షణాల్లో కర్రను అందుకోవాలి కనుక ముందు హోల్డరు ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది.

అయితే ఇసుక తీరం నుండి అలలను దాటి వెళ్ళి, తిరిగి అలల మీదుగానే ఒడ్డు చేరాలి. అలలలో పడవ తిరగబడితే నిలబెట్టిన కర్రలు విరుగుతాయి, కొక్కేలు మనిషికి గుచ్చుకుంటాయి. అందువలన తీరం వద్ద కర్రలను హోల్డర్ల నుండి తీసి, పడవ లోపల పెట్టడం లేదా పడుకోబెట్టి కట్టడం మంచిది. ఇక్కడ తీసివేయగల హోల్డర్లే అనుకూలం.

జాగ్రత్తలు

* పడవకు ఒక పక్క అంచును ఖాళీగా ఉంచాలి. నీటిలో పడినపుడు ఆ పక్కనుండే తిరిగి ఎక్కడం సాధన చేయాలి.
* ట్రోలింగ్ సమయంలో రీలు డ్రాగ్‌ను కొంత వదులుగా ఉంచాలి. బిగువుగా ఉంటే చేప లాగినపుడు కర్ర హోల్డరులో బిగుసుకొని బయటకు రాదు.
* కర్ర నీటిలో పడిపోకుండా పొట్టి తాడుతో పడవకు కట్టవచ్చు. పొడవైన తాళ్ళు కాళ్ళకు చుట్టుకునే ప్రమాదముంది.
* కార్బన్ పీచుతో చేసిన కర్రలు విద్యుద్వాహకాలు. ఉరుములు వినిపిస్తే కర్రలను దించి ఒడ్డుకు చేరాలి. విద్యుత్తు తీగల కింద వెళ్ళేటపుడు కర్రలను నిలబెట్టి ఉంచరాదు.
* ఒక్కొక్కరు ఎన్ని గాలాలు వాడవచ్చన్నది ప్రాంతాన్నిబట్టి మారుతుంది. హోల్డర్ల సంఖ్యను నిర్ణయించుకొనే ముందు స్థానిక నిబంధనలు తెలుసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* కయాక్
* గాలం
* తెడ్డు
* పాలీఇథిలీన్